పదునొకండవ ప్రభువు

మా వృత్తిసోదరులకు మొదటనే యొక మాట చెప్పవలసియున్నది. పిల్లవాని చేతినుండి లాగుకొనిన పుస్తకమును చదువక చింపరాదు. చదివి చింపుట వేఱు సంగతి. దానికి సమాధానమేదో చెప్పుకొనవచ్చును. మేము చదువకయే చింపితిమి. చింపినవి రెండు కాగితములే. ఆ రెండు కాగితముల ఋణము నేటికిని తీరలేదు; ఈ వ్యాసము తీర్చునన్న నమ్మకమును మాకు లేదు.

మేము హైదరాబాదు పాతబస్తీలో, డబీర్‌పురా దర్వాజాకు అల్లంత దూరమున నున్న యొక చిన్న పాఠశాలలో తెలుగు చెప్పుచున్నాము. పూర్వ మీ నగరమునకు చుట్టును ప్రాకారమును, దానికి పదుమూడు దర్వాజాలును ఉండెడివి. వానిలో నేడు నిలిచియున్నవి రెండే: ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది మా డబీర్‌పురా దర్వాజా. అనుదినమును దాని క్రిందుగా నడచిపోవుటచేతనో యేమో, కోటలనిన మాకు చిన్ననాటనుండియు మోజు. యౌవనమున సంస్కృతమును, పిమ్మట ఆంగ్లమును చదివి, ఆ రెంటిలో దేనికిని కొలువు దొరకక తెలుగు పంతులమైతిమి. మా తరగతి బాలురలో నూటికి ఎనుబదిమంది యింటిభాష ఉర్దూ. 2018వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము శాసనము చేసి పాఠశాలలయందు తెలుగును తప్పనిసరి గావించినది. దానిచే మా కొలువునకు ఢోకా లేకపోయినది గాని, ఆ బాలురకు తెలుగునెడ ప్రీతి శాసనముచే కలుగలేదు.

నాలుగేండ్ల క్రిందట నొకనాడు తొమ్మిదవ తరగతిలో గుణసంధి చెప్పుచుంటిమి. మూడవ బల్లమీది బాలుడొకడు తల వంచుకొని యేమో వ్రాయుచుండెను. మేము వ్రాయుమనినప్పుడు నాలుగు పంక్తులైనను వ్రాయనివాడు మేము వ్రాయవలదనినప్పుడు వ్రాయుచుండుట మాకు కంటగింపైనది. పోయి పుస్తకము లాగుకొంటిమి. ఎదుట తెఱచియున్న పుటలలో చదరములు చదరములుగా గీతలు, నడుమ బాణపు గుర్తులు. పిచ్చిగీతలని తలచి ఆ రెండు కాగితములను చఱ్ఱున చింపి చెత్తబుట్టలో వేసితిమి. బాలుడేడ్వలేదు. "సార్, అది తోడేలు" అని మాత్రము అనెను. తరగతి యంతయు గొల్లుమన్నది. వానిని బయట నిలువబెట్టి, పుస్తకమును సంచిలో వేసికొని, గుణసంధిని ముగించితిమి.

రాత్రి భోజనమైన పిదప ఆ పుస్తకము విప్పితిమి. దాదాపు నలువది పుటలు! అన్నియు తెలుగు లిపిలో! తప్పులకు లెక్క లేదు; ఒత్తులు కొన్ని యక్షరము క్రిందికి రాక ప్రక్కకు జరిగియున్నవి; మాటలలో సగము ఉర్దూ. అయినను తెలుగే. ప్రతి ప్రకరణమునకును ఒక పేరు: ఎలుక, పాము, పంది, సలాదీన్, ఖలీఫా, రిచర్డ్... ప్రతిపేరు క్రిందను రెండు శీర్షికలు: ఒకటి 'చాల్', రెండవది 'కమ్జోరీ'. చాల్ అనగా ఎత్తు; కమ్జోరీ అనగా బలహీనత. పంచతంత్రమునకు వీడెవడో నవీన వ్యాఖ్య వ్రాయుచున్నాడని మే మాశ్చర్యపడుచుండగా, ఇంటర్మీడియట్ చదువుచుండిన మా అమ్మాయి మా భుజముమీదుగా చూచి, "నాన్నగారూ, ఇది స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడర్, కంప్యూటరు ఆట" అని నవ్వెను.

ఆ యాటనుగూర్చి యెఱుగని చదువరులకొఱకు కొంత చెప్పెదము. దానిని ఆంగ్లదేశమునందలి ఫైర్‌ఫ్లై స్టూడియోస్ వారు 2002వ సంవత్సరమున వెలువరించిరి. క్రైస్తవ ధర్మయుద్ధముల కాలపు ఎడారి రంగస్థలము. ఆటగాడొక ప్రభువు. నడుమ నతని మేడ. దాని చుట్టును అతడు కోట కట్టుకొనవలెను. గోడలు కట్టుటతో పని తీరదు. గోడకు రాయి కావలెను. రాతికి గని, గనికి పనివారు, పనివారికి తిండి, తిండికి గోధుమచేను, పిండిమర, రొట్టెల పొయ్యి కావలెను. చేను వేయుటకు ఇసుకలో వలనుపడదు. అక్కడక్కడ నున్న ఒయాసిస్సుల పచ్చని నేలయందే వేయవలెను. ఆ నేలకొఱకే సగము యుద్ధము. ప్రజలకు ప్రభువునెడ ప్రీతి తగ్గినచో మూటాముల్లె సర్దుకొని వెడలిపోవుదురు. పన్ను తగ్గించి రొట్టె హెచ్చించినచో నిలుతురు. ఎదుటి ప్రభువును చంపినచో వాని కోట కూలును. మన ప్రభువు చచ్చినచో మన కథ ముగియును.

ఇందొక లెక్క మమ్ము నిద్రపోనీయలేదు. కోటలో ఉరికంబములు నాటినచో జనులు భయముచే హెచ్చుగా పని చేయుదురు. కాని ప్రభువునెడ వారి ప్రీతి తగ్గును, సైనికులు యుద్ధమున డీలాపడుదురు. తోటలు వేసినచో ప్రీతి పెరుగును, సైనికులు చెలరేగి పోరుదురు. కాని పనివారి పని మందగించును. ఎవడీ లెక్క కట్టినవాడు? వాడెన్నడైనను బడిలో పంతులుగా నుండెనా యని మాకు సందేహము కలిగినది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టముచే మా చేతిలోని బెత్తము పోయినది. నోటిలోని బెత్తము ఏ చట్టమునకును లొంగలేదు.

ఆటలో ఎదుటి ప్రభువులను నడపునది కంప్యూటరు. 2002లో వెలువడిన మూలపు టాటలో వారు పదుగురు. ఒక్కొక్కని కొక్కొక్క స్వభావము. ఎలుక యనువాడు పిఱికి. ఈటెలవాండ్రను గుంపులుగా త్వరత్వరగా పంపును. వాని గోడ గట్టిది కాదు. పాము చిన్నచిన్న బురుజులను చెదరుమదరుగా కట్టును. పంది యడ్డవిల్లువాండ్రను, ఇనుపగదల వాండ్రను పోగుచేయును. ఖలీఫా నిప్పును నమ్ముకొనినవాడు. తారును, మండు కుండలు విసరువాండ్రను సిద్ధపఱచుకొని యుండును. ఫ్రాన్సు రాజగు ఫిలిప్పునకు గుఱ్ఱపురౌతులమీద మక్కువ మెండు, వారిని నిలుపుకొను తెలివి కొంచెము. రిచర్డు తొందరపాటుగల వీరుడు. తోడేలు వీరిలో కడు క్రూరుడు. తొందరపడక, పెద్దకోట కట్టుకొని, దండు కూడిన పిదప కదలును. మా శిష్యుని వ్రాత యెట్లుండెనో చూపుటకు ఎలుక ప్రకరణమునుండి కొంత, ఒత్తులు మాత్రము సరిచేసి, యిచ్చుచున్నాము: "ఎలుక భయపడుతడు. అయిన ఊకోడు. మస్తు మందిని పంపుతడు. అందరు ఒక్క తొవ్వల వస్తరు. అందరు చస్తరు. మళ్ల పంపుతడు. గదే తొవ్వ." ఐదేండ్లుగా మేము దిద్దిన 'మా పాఠశాల', 'గోవు', 'వర్షాకాలము' అను వ్యాసములలో నెచ్చటను ఇంత బిగువైన వాక్యములు మా కంటబడలేదు.

చివరి పుట త్రిప్పితిమి. పదుగురు ప్రభువులైన పిదప పదునొకండవ పేరు: 'తెలుగు సార్'.

దాచుట యెందుకు? ఉన్నదున్నట్లు వ్రాసెదము. "ఈయనకు కోట ఒక్కటే. ప్రతి సాల్ అదే కోట. మొదలు హాజరు తీస్తడు. సోమవారం డిక్టేషన్. బుధవారం వెనక బెంచిని లేపుతడు, ముందు బెంచి హాయిగ ఉండొచ్చు. పోయిన సాల్ పిల్లలను అడిగిన, వాళ్లకు గిట్లనే. కమ్జోరీ: ఒకటి. జవాబు రాకపోతే మళ్ల అదే మాట గట్టిగ చెప్తడు. రెండు. గోల్కొండ అని అడిగితే పీరియడ్ అయిపోయేదాక చెప్తడు. అప్పుడు హోంవర్క్ చూడడు." ఇట్లు అయిదు కమ్జోరీలు. తక్కిన మూడును మా కుటుంబగౌరవమును బట్టి విడిచిపెట్టుచున్నాము.

కోపము వచ్చినమాట నిజము. కాని చదివినకొలదిని ఆ కోపమునకు నిలువ చోటు చాలలేదు. పోయిన సంవత్సరపు పిల్లలను సయితము అడిగి, సాక్ష్యము కూర్చి, పిదప వ్రాసినాడు! మా గుణసంధి యుదాహరణములు పదునాలుగేండ్లనాడు మేమొక పుస్తకమున వ్రాసికొనినవి. దాని యట్ట రెండుమారులు మార్చితిమి. లోపలి పుటలు మార్చలేదు.

మఱునాడు చెత్తబుట్ట వెదకితిమి. ఆయమ్మ ముందునాటి సాయంకాలమే కాగితములన్నియు తగులబెట్టినది.

ఆ బాలుని తండ్రికి చత్తాబజారులో పెండ్లికార్డుల దుకాణము. ఆ సందు ఎఱిగినవారికి చెప్పనక్కరలేదు. అడుగు తీసి అడుగు వేసినచో అచ్చుయంత్రము, కార్డుల వరుస, ఉర్దూ నస్తాలీఖు అక్షరముల పలకలు. పుస్తకము తిరిగి యిచ్చుటకు ఆదివారమునాడు పోయితిమి. కార్డులు కూర్చు పాత కంప్యూటరుపైననే, దుకాణము కట్టిన పిదప, వీడును వీని యిద్దఱన్నలును వంతులవారీగా ఆడుదురట. "తెలుగులో ఎందుకు వ్రాసితివిరా?" అని యడిగితిమి. వాడు తల గోకికొని, "అన్నలిద్దరు ఉర్దూ మీడియం సార్. వాళ్లకు తెలుగు చదవ రాదు" అనెను. తన యెత్తులు అన్నలకు తెలియకుండుటకు రహస్యలిపి కావలసి వచ్చినది. అది మేము నేర్పినదే! తెలుగుభాషకు పాతబస్తీలో ఇట్టి యుపయోగము కలదని మేము తలచియుండలేదు. మేము పోగొట్టినవి తోడేలు కోట పటములు. వానిని గీయుటకు పదునేడుసార్లు ఓడిపోయెనట.

క్షమార్పణము ఎట్లు చెప్పవలెనో తోచక, "ఒకమాఱు మాకును ఆట చూపుము" అంటిమి. ఎలుకతో ఆడుమనిరి. అందరిలో నాతడు తేలికట. మేము మొదట తోట వేసితిమి. తోట లేని రాజ్యమేమి రాజ్యము? పిదప పిండిమర యెక్కడ నిలుపవలెనా యని ఆలోచించుచుండగనే ఈటెలవాండ్రు వచ్చి మా ప్రభువును పొడిచిరి. తండ్రి మోము ప్రక్కకు త్రిప్పుకొని నవ్వును ఆపుకొనుచు, "కోయీ బాత్ నహీ, మాస్టర్ సాబ్" అని చాయ్ తెప్పించెను. మేమా సాయంకాలము నాలుగుసార్లు ఓడితిమి. ఎలుక చేతిలో!

కావున ఈ యంత్రప్రభువులను కేవలము మూఢులని చదువరులు తలపవలదు. మనకున్నవి రెండు కన్నులు, ఒక చేయి. గాదెను చూచుచున్నప్పుడు గోడను చూడలేము. గోడవైపు తిరిగినప్పుడు గని పని మఱతుము. యంత్రము అన్నిటిని ఒక్కమాఱే లెక్కించుకొనును. విసుగెఱుగదు, చాయ్ త్రాగదు. పైపెచ్చు, ఆట మొదట దానికి మనకంటె హెచ్చు ధనమిచ్చు పద్ధతియు కలదు. అది చిన్నచిన్న దండులను పంపి మన చేలను తగులబెట్టించును. మనము దానిని చూచుచుండగా పెద్దదండు కూడును. ఒక దాడి విఱిగిన పిదప వచ్చునది దానికంటె పెద్దది. క్రొత్తవాడు ఈ ధాటికి తాళలేడు.

తాళినవాడు గెలుచును. ఏలయన, యంత్రము తాను చేయునది యెందుకు చేయుచున్నదో యెఱుగదు. ప్రతిప్రభువునకును ఎనిమిది దుర్గపటములు ముందుగనే గీచిపెట్టబడియున్నవి. ఆట మొదలగునప్పుడు వానిలో నొకటి తీసికొని, ఏది మొదట, ఏది తరువాత అని యందున్న వరుసనుబట్టి కట్టుకొని పోవుటయే వాని పని. ఎదుటివాని బలమెంతో చూచి పటమును మార్చికొనుట లేదు. ఎనిమిది పటములు తెలిసినవానికి ఆ ప్రభువు మేడ యెచ్చట, గాదె యెచ్చట, గోడ పలుచనగు మూల యెచ్చట అనునది పునాది పడకమునుపే తెలియును. మా శిష్యుడు గీచినవి యివియే.

ఇంతకంటె వింతైనది గని సంగతి. గని కోటగోడకు వెలుపల రాతినేలమీద నుండును; చేలు ఒయాసిస్సులో నుండును. ఆ గనికి దాపున మనము ఆఱుగురు విలుకాండ్రను నిలిపినచో చాలును. పనివారు వచ్చుదురు, చత్తురు. మనవారు గనిని పడగొట్టుదురు. ప్రభువు కలప వెచ్చించి గనిని మరల అచ్చటనే కట్టించును. మరల పనివారిని పంపును. వారును చత్తురు. మరల కట్టును. కలప చాలనిచో అంగడిలో ధనమిచ్చి కొనును. ఒక్కదినమైనను "ఇచ్చట నేల చచ్చుచున్నారు?" అని విచారింపడు. "ఇట్లు ఎన్నిసార్లు కట్టునురా?" అని యడిగితిమి. "పైసలు అయిపోయేదాక సార్" అని బాలుడనెను. వాని మొగమున విజయము లేదు. ఏదో జాలి యుండెను. ఆ జాలితోడనే బుధవారమునాడు మమ్ము చూచుచుండెనా యను తలపు మాకు కలిగినది. మాటాడక చాయ్ త్రాగితిమి.

ఇట్టి లోపమును ఆట చేసినవారు ఎఱుగరా? ఎఱుగుదురు. 2002 నాటి యింటి కంప్యూటరు, వందలకొలది సైనికుల ప్రతియడుగును లెక్కించుచు, దానిపై ఆలోచనకుగూడ తీరిక చేసికొనుట కష్టము. చదరంగమున 1997లోనే డీప్ బ్లూ అను యంత్రము జగజ్జేతయగు కాస్పరోవును ఓడించినది గదా యనవచ్చును. చదరంగమునకు అఱువదినాలుగు గళ్లు, వంతులవారీ యెత్తులు. ఇచ్చట వేలకొలది గళ్లు, వంతులు లేవు. తనతో తానాడి నేర్చుకొను యంత్రములును పిమ్మట వచ్చినవి. 2019లో ఆల్ఫాస్టార్ అనునది స్టార్‌క్రాఫ్ట్ అను యుద్ధక్రీడయొక్క రెండవ కూర్పున నిపుణులలో అగ్రశ్రేణి నందుకొనినది. అట్టిది చత్తాబజారు దుకాణములో నుండినచో మా శిష్యుడు నలువది పుటలు వ్రాసియుండడు. నాలుగునాళ్లలో విసిగి గాలిపటముల వెంట పోయియుండును. ఎదుటివానికి స్వభావమున్నచో గాని ఆటకు రుచి పుట్టదు. స్వభావమున్నచో పసిగట్టక తప్పదు. ఎలుక ఎలుకవలె నుండుటచేతనే వానిని ప్రేమించుటకును ఓడించుటకును వీలైనది.

మఱియొక లోపమును మేము కనిపెట్టితిమి. దీనికి మా సంస్కృతము అక్కఱకు వచ్చినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున పదుమూడవ యధికరణము దుర్గలంభోపాయము. కోటను పట్టుటకు అందైదు సాధనములు చెప్పబడినవి. ఉపజాపము: లోపలివారిని విఱుచుట, అపసర్పము: గూఢచారులను నడపుట, వామనము: శత్రువును వెలికి రప్పించుట, పర్యుపాసనము: చుట్టుముట్టి కూర్చుండుట, అవమర్దము: మీదబడి గోడ కూల్చుట. యంత్రప్రభువునకు ఈ యైదింటిలో చివరిదే తెలియును. లంచమియ్యడు, లంచము పుచ్చుకొనడు, సంధి యడుగడు, శరణు చొరడు. మేమిది గొప్పగా చెప్పగా బాలుడు, "గోల్కొండల లంచం ఇచ్చిండ్రా సార్?" అని యడిగెను.

చూచితిరా! రెండవ కమ్జోరీ. వాడు కావలెననియే అడిగెనో, నిజముగా తెలిసికొనగోరి యడిగెనో మేము చెప్పజాలము. ఆదివారము గనుక హోంవర్కు లేదు. చెప్పితిమి. చదువరులకును క్లుప్తముగా చెప్పక మానలేము.

1687వ సంవత్సరము జనవరి నెలలో ఔరంగజేబు గోలకొండ యెదుట దిగెను. లోపల అబుల్ హసన్ తానీషా. ముట్టడి యెనిమిది నెలలు. మొగలులు గోడక్రిందికి సొరంగములు త్రవ్వి మందు కూరిరి. లోపలివారు పసిగట్టి ఎదురు సొరంగములు త్రవ్వి, మందు కొంత తీసివేసి, కొంత నీటితో తడిపిరి. నిప్పంటింపగా పేలుడు బయటివారిమీదికే తిరిగినది. మొగలుల భటులే రాళ్లక్రింద మడిసిరి. పిమ్మట వానలు, వఱదలు, దండున తిండిలేమి. ఎలుకయే యైనచో అదే సొరంగమును అచ్చటనే నూఱవమాఱు త్రవ్వుచుండెడివాడు. ఔరంగజేబు త్రవ్వుట మానెను. కోట చుట్టును కొయ్యతోను మట్టితోను అడ్డుగోడ లేపించి లోనికి రాకపోకలు కట్టెను. అనగా అవమర్దమునుండి పర్యుపాసనమునకు దిగెను. సెప్టెంబరు నెలలో నొకరాత్రి లోపలి యుద్యోగి అబ్దుల్లాఖాన్ పన్నీ యనువాడు లంచమునకు లోబడి తలుపు తెఱచెను. అది యుపజాపము. ఆ రాత్రి అబ్దుర్రజాక్ లారీ ఒంటరిగా ఎదిరించి, ఒడలెల్ల గాయములతో పడిపోయెను. తానీషా దౌలతాబాదు కోటలో బందీగా మరణించెను. ఎనిమిది నెలలు ఫిరంగులకు లొంగని గోడ ఒక్కని చేతిగడియకు లొంగినది.

బాలుడు చెవియొగ్గి విని, "అయితే ఆటల కోటలు గోల్కొండకన్న గట్టివి సార్. లోపటోడు అమ్ముడుపోడు" అనెను. నిజమే. మేమీ విషయమును ఇరువది యేండ్లుగా తరగతిలో చెప్పుచున్నాము. ఇట్టిమాట యొక్కరును అనలేదు. మేము అననిచ్చినదెప్పుడు?

తరువాతి కథ గొప్పగా చెప్పుకొనదగినది కాదు. మేము బుధవారమునాడు ముందుబల్లను లేపితిమి. ముందుబల్ల బాలురు మమ్ము దగాకోరులుగా చూచిరి. పాఠ్యక్రమము వెనుకబడినదని పైవారి మందలింపు వచ్చినది. ఒకనాడు 'గోవు'ను కట్టిపెట్టి, "మీకు బాగుగా తెలిసిన ఒకదాని చాల్, కమ్జోరీ వ్రాయుడు" అంటిమి. ఒకడు సంక్రాంతినాడు మేడలమీద పతంగుల పేంచీలనుగూర్చి, మాంజా యెప్పుడు లాగవలెనో, ఎప్పుడు వదలవలెనో వ్రాసెను. ఒకడు తన తాతగారి పావురములనుగూర్చి వ్రాసెను. మఱియొకడు తన తల్లితో సొమ్ముల బేరము చేయు లాడ్‌బజారు గాజులవానినిగూర్చి వ్రాసెను. అది చదివి మేమింటికి పోయి మా యింటివారికి వినిపించితిమి. అక్షరదోషములు ఎప్పటివలెనే కుప్పలు. ఎఱ్ఱసిరా యెప్పటికంటె హెచ్చుగా వ్యయమైనది గాని, వ్రాసినది తిరిగి చదువుటకు ఈసారి తమంతట తామే వచ్చిరి. గుణసంధిని మాత్రము ఇప్పటికిని అదే రీతిని చెప్పుచున్నాము. మఱియొక రీతి మాకు దొరకలేదు.

తోడేలు పుటలను మరల వ్రాయుమని ఆ బాలుని రెండు మూడుసార్లు అడిగితిమి. "రాస్త సార్" అనెడివాడు. పిదప తెలిసినది: తోడేలును ఓడించుట వానికి కంఠస్థమైపోయినదట; ఇక వ్రాయు నవసరము లేదట. కావలసినది మాకే. పుస్తకములో ఆ రెండు కాగితముల మొదళ్లు కుట్టుదారమునకు అంటుకొని యిప్పటికిని ఉన్నవి.

వాడిప్పుడు పాలిటెక్నిక్కున చదువుచు సాయంకాలములు దుకాణమున కూర్చుండును. పోయిన నెలలో మేము చత్తాబజారు ప్రక్కగా పోవుచు లోనికి తొంగి చూచితిమి. ఆట సంగతి వచ్చినది. నవ్వుచు, "మా కమ్జోరీలు అయిదింటిలో ఎన్ని మిగిలినవిరా?" అని యడిగితిమి. వాడు కొంచెమాలోచించి, "రెండు కొట్టేసిన సార్. మూడున్నయి" అనెను. ఏవి మిగిలినవో అడుగబోవుచుండగా ఎవరో కార్డులు పట్టికెళ్లుటకు వచ్చిరి. లోపల తెలుగు కార్డొకటి తెరపై సగము కూర్చబడియున్నది. వాడు దానివైపు తిరిగి, "సార్, ఆహ్వానంల హ కింద వ నా, వ కింద హ నా?" అని యడిగెను. "హ క్రింద వ" అంటిమి. అచ్చుయంత్రపు రొదలో వానికి వినబడలేదు. "ఆఁ?" అనెను. అదే మాటను గట్టిగా చెప్పుటకు నోరు తెఱచి, మూసికొని, బల్లమీది చెడిన కార్డొకటి తీసికొని దాని వెనుక పెన్సిలుతో వ్రాసి చూపితిమి.